కర్రీ పౌడర్ పెళ్ళికొడుకు

హోటల్ గది ఊరికే ఇస్తారనే కదా అమ్మమ్మా అప్పుడు సీటు వదిలేశావు, అని నిన్న ఫోన్లో అడిగి నవ్వావు. హోటల్ సంగతి నాకు తర్వాత తెలిసింది నాన్నా. తెలిశాక మాత్రం కొంచెం కూడా బాధపడలేదు. మొన్న మీ విమానానికి సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్ముకుని, ఎవరైనా దిగుతారా అని అడిగితే నువ్వూ చెల్లీ కళ్ళు మూసుకుని నిద్ర నటించారట కదా. తప్పేం లేదు. ఆ రోజు మస్కట్ దగ్గర సీబ్ విమానాశ్రయంలో పెద్దవాళ్ళే అంతకంటే అన్యాయంగా నటించారు. ఈ కథ మీకు ఎప్పుడు మొదలుపెట్టినా సగంలో మీ అమ్మ ఫోన్ లాక్కుంటుంది. అందుకని రాస్తున్నాను.

అప్పటికి మీ అమ్మ పుట్టలేదు. డెబ్భైల మాట, ఒమన్ దేశంలో. మీ తాతయ్య సోహార్‌లో రోడ్లు వేసే కంపెనీలో ఆఫీసు పని చేసేవారు. ఇప్పుడు సోహార్ అంటే రేవు, ఫ్యాక్టరీలు అంటున్నారు. అప్పుడు ఖర్జూరం తోటలు, ఇసుక మీద ఎండబెట్టిన చేపలు, వాటి మధ్య మా రేకుల క్వార్టరు. నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళకి సబ్బు నురగ వచ్చేది కాదు. తలంటుకుంటే జుట్టు కొబ్బరి పీచులా నిలబడేది. మీ తాతయ్యకు అప్పట్లో ఉన్న ఒత్తయిన జుట్టు ఆ నీళ్ళకే పోయిందని ఆయన అంటారు. వాళ్ళ నాన్నగారి ఫొటో చూసినవాళ్ళెవరూ ఆ మాట నమ్మరు.

మా అత్తగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆడపడుచుకు సీమంతం. వదిన చేత్తో గాజులు వేయించుకోకపోతే పురుడు కష్టమవుతుందని ఆవిడ నమ్మకం. నిజానికి ఆవిడకు కావలసింది గాజులు వేసే చెయ్యి కాదు, ఊరంతటికీ పులిహోర కలిపే చెయ్యి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. మీ తాతయ్యకు మాత్రం తెలియదు. తల్లి విషయంలో కొన్ని తెలియకుండా ఉండటం ఆయనకు అలవాటు. సెలవు దొరకలేదని నన్ను ఒక్కదాన్నే పంపించడానికి కంపెనీ జీపులో ఎక్కించుకుని సోహార్ నుంచి సీబ్ తీసుకొచ్చారు. అక్కణ్ణుంచి విమానంలో బొంబాయి, బొంబాయి నుంచి రైల్లో మా ఊరు.

విమానాశ్రయం అప్పటికి కొత్త. గోడలకు ఇంకా రంగు వాసన పోలేదు. లోపలంతా మన మగవాళ్ళే. ఒక్కొక్కరి చేతిలో టేప్ రికార్డరు, చంకలో పువ్వుల దుప్పటి. ఆడవాళ్ళం వెతికితే కనపడేంతమంది ఉన్నాం. వరసలో మా ముందు ఒక మనిషి నిలబడి ఉన్నాడు. వెనకనుంచి చూస్తే తెల్ల టెరిలిన్ చొక్కా, దాని కాలరు మాత్రం పచ్చగా ఉంది. కాలరు పైన మెడ పచ్చగా ఉంది. చెవులు కూడా పచ్చగా ఉన్నాయి. ఆ మనిషి నుంచి మాంసం కూర వాసన వస్తోంది.

"ఎక్కడో మసాలా వేయిస్తున్నారు," అన్నారు మీ తాతయ్య గాలి పీల్చి.

"ఎక్కడో కాదండీ," అన్నాను.

కౌంటరు వెనక ఎయిర్‌లైన్స్ తెల్లాయన ఉన్నాడు. కుర్రవాడే, ఎండకు కమిలి టొమాటోలా ఉన్నాడు. పాస్‌పోర్టు అందుకుని తలెత్తి చూశాడు. చూసి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. మా ముందున్న మనిషి ముఖం నాకు అప్పుడు పక్కనుంచి కనిపించింది. నుదురు, బుగ్గలు, గడ్డం అన్నీ పసుపు. కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉన్నాయి. మధ్యమధ్య ముక్కు ఎగబీలుస్తున్నాడు.

"సిక్?" అన్నాడు తెల్లాయన.

"నో సిక్ సార్. మ్యారేజ్," అన్నాడు ఇతను.

పెళ్ళయితే మనిషి ఇలా అయిపోతాడా అన్నట్టు తెల్లాయన కాసేపు చూశాడు. తర్వాత పాస్‌పోర్టును రెండు వేళ్ళతో పట్టుకుని పక్కన పడేశాడు. జబ్బు మనిషిని విమానం ఎక్కించనని, ఎల్లుండి విమానానికి డాక్టరుకు చూపించుకుని రమ్మని ఇంగ్లీషులో చెప్పాడు. ఇతనికి అర్థమైంది ఒక్క ముక్కే, ఈ రోజు పోనివ్వరని. వెనక్కి తిరిగాడు. నా చీర చూశాడు, మా మాటలు విన్నాడు.

"అక్కా, తెలుగోళ్ళా మీరు? జెర చెప్పుండ్రి ఆయనకు. నాకు బీమారి లేదు. ఇది పసుపు."

"పసుపని కనబడుతూనే ఉంది. ఇంత ఎందుకు పూసుకున్నావు?"

"నేను పూసుకోలే అక్కా. మా రూమోళ్ళు పూసిండ్రు. పెండ్లికొడుకును జేసిండ్రు."

కరీంనగర్ వైపు మనిషి. మస్కట్ పక్కన అజైబాలో బిల్డింగు పని చేస్తున్నాడు. సెలవు సెలవు అని నెలల తరబడి తిరిగితే కంపెనీ అంతకు ముందురోజే పాస్‌పోర్టు చేతికిచ్చింది. బొంబాయిలో దిగి, రైలెక్కి, బస్సెక్కి ఇంటికి చేరేసరికి ముహూర్తానికి సరిగ్గా సరిపోతుంది. ఇంట్లో కూర్చోబెట్టి పసుపు రాసే వ్యవధి లేదు. అందుకని ఆ పని అక్కడే కానిచ్చుకుని రమ్మని వాళ్ళమ్మ చెప్పించింది.

గదిలో ఉన్నవాళ్ళందరూ మేస్త్రీలూ కూలీలూ. ఆడదిక్కు లేదు. సిమెంటు బకెట్టు బోర్లించి, మీద చెక్క వేసి, దానిమీద కూర్చోబెట్టారట. ముత్తయిదువలు కావాలి కాబట్టి పెళ్ళయిన మగవాళ్ళను ఏరి, తలమీద తువ్వాలు కప్పించారట. వాళ్ళు తమ తల్లులూ పెళ్ళాలూ పాడిన పాటలు ఎవరికి ఎంత గుర్తుంటే అంత పాడారట. సగానికి వచ్చేసరికి పసుపు అయిపోయింది.

"అయిపోతే?"

"మెస్సుల వంటాయన మసాల పొడి తెచ్చిండు. గిది గూడ పచ్చగనే ఉన్నది గదా, పెట్టుండ్రి అన్నడు. దాంట్ల మిరపకారం ఉందని చెప్పలే."

"మరి కడుక్కోవచ్చు కదయ్యా."

"కడుగొద్దన్నరు అక్కా. లగ్గం దాక ఉండాలంట. మా అమ్మ చూస్తె గిట్ల పచ్చగ కనపడాలె."

మీ తాతయ్య నా చెవి దగ్గరికి వంగారు. "పెళ్ళికొడుకుని చేశాక పొలిమేర దాటకూడదు. శాస్త్రం."

"అతను సముద్రమే దాటుతున్నాడండీ."

"అదే నేననేది."

ఆయన శాస్త్రం ఎప్పుడూ ఇలాగే, ఎవరికీ పనికిరాని చోట పట్టుకుని నిలబడుతుంది. నేను పెళ్ళికొడుకు వైపు తిరిగాను. "పోనీ ఎల్లుండి వెళ్తే ఏమవుతుంది? ముహూర్తం ఇంకోటి పెట్టరా?"

"ఇంకోటి లేదక్కా. దీని తర్వాత మూఢం. పిల్ల దిక్కోళ్ళు ఇంక ఆగేది లేదన్నరు. పందిరేసిండ్రు, చుట్టాలు దిగిండ్రు. నేను రాకపోతె మా తమ్ముణ్ణి కూసోబెడ్తరు పీటల మీద."

"ఏమిటీ?"

"అవునక్కా. రెండు దిక్కుల పెద్దమనుషులు మాట్లాడుకున్నరు. లగ్గం తప్పనియ్యొద్దు, పెద్దోడు రాకపోతె చిన్నోడు కట్టాలె అని. అందరు ఒప్పుకున్నరు."

"నువ్వు కూడానా?"

"నన్నెవరు అడిగిండ్రు?" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. ముక్కు ఎగబీల్చి, భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. అది కారం వల్లో మరి దేనివల్లో నాకు తెలియలేదు.

ఇక మాట్లాడక తప్పలేదు. మీ తాతయ్య ఇంగ్లీషు చాలా మంచిది, కానీ ఎదురుగా టైపు మిషను ఉంటేనే వచ్చేది. నేను స్కూల్ ఫైనల్ దాకా చదివాను. మా ఇంగ్లీషు వాచకంలో రాజులున్నారు, ఓడలున్నాయి, తోటలో రకరకాల పువ్వులున్నాయి. పసుపు లేదు. పసుపును ఇంగ్లీషులో ఏమంటారో ఎంత వెతుక్కున్నా దొరకలేదు. తెల్లాయన ముందుకు వెళ్ళి, ఉన్న మాటలతో సర్దుకున్నాను.

"సర్, హీ ఈజ్ నాట్ సిక్. హీ ఈజ్ కర్రీ పౌడర్."

మీ తాతయ్య కళ్ళు మూసుకున్నారు.

తెల్లాయన నన్ను చూశాడు, అతన్ని చూశాడు. నమ్మినట్టు లేదు. నేను రుమాలు తీసి, ఫ్లాస్కులో నీళ్ళతో తడిపి, పెళ్ళికొడుకు చేతికిచ్చాను. "మోచెయ్యి దగ్గర తుడుచుకో. అక్కడ పోతే మీ అమ్మ ఏమీ అనదులే." తుడుచుకున్నాడు. పసుపు కింద నిగనిగలాడే నల్లటి చెయ్యి బయటపడింది. రుమాలు పచ్చబడింది. ఆ రుమాలు తీసుకెళ్ళి తెల్లాయనకు అందించాను. ఆయన దాన్ని దూరంనుంచి చూసి, దగ్గరగా చూసి, వాసన చూశాడు. తర్వాత వరసగా తుమ్మాడు. పక్కనున్న పోలీసు కూడా తుమ్మాడు. తుమ్ములు ఆగాక తెల్లాయన ముఖం ఇంకా ఎర్రగా అయింది, కానీ నవ్వుతున్నాడు. ఇది నేను ప్రతి శుక్రవారం తింటాను, అన్నాడు.

అంతటితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. ఆయన పాస్‌పోర్టు తిరిగి చేతిలోకి తీసుకుని, ఒక మాట నిజాయితీగా చెప్పాడు. విమానంలో సీట్లకంటే మనుషులు ఎక్కువయ్యారు. ఎలాగూ ఒకరిని ఆపాలి. ఎవర్ని ఆపాలా అని పొద్దుటినుంచి బెంగపడుతుంటే దేవుడిలా ఈ జబ్బు మనిషి వచ్చాడు. ఇప్పుడు మీరు వచ్చి అతని జబ్బు నయం చేసేశారు, అన్నాడు.

పాపం, ఆయన కష్టం ఆయనది. లేచి వచ్చి సామాను తూచే బల్ల ఎక్కి నిలబడ్డాడు. ఎవరైనా తమంతట తాము ఈ రోజు ఆగి ఎల్లుండి వెళ్తారా అని ఇంగ్లీషులో అడిగాడు. పోలీసు బలూచీ మనిషి, ఉర్దూ వచ్చు. అదే మాట ఉర్దూలో గట్టిగా చెప్పాడు. పెళ్ళికొడుకు రెండు చేతులూ జోడించి హాలంతటికీ కలిపి ఒక దండం పెట్టాడు.

జనమంతా ఒక్కసారిగా పైకప్పు వంక చూశారు. అక్కడేదో దేవుడి బొమ్మ వేసినట్టు. ఒకాయన బూటు లేసు కట్టుకోవడానికి కిందికి వంగాడు, ఆయన కాళ్ళకున్నవి చెప్పులు. టేప్ రికార్డరు పట్టుకున్న ఇంకొకాయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినడం మొదలుపెట్టాడు. అది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. నేను ఎవర్నీ తప్పు పట్టడం లేదు. వాళ్ళలో ఎవరి ఇంట్లో ఏముందో, ఎన్నాళ్ళకి వెళ్తున్నారో. అందరికీ వెళ్ళి తీరాల్సిన పనుంది. ఆలోచిస్తే, ఆ హాల్లో వెళ్ళకపోయినా లోకానికి ఏ నష్టమూ లేనిది పులిహోర ఒక్కటే కనిపించింది.

చెయ్యెత్తాను.

"దురదగా ఉందా?" అన్నారు మీ తాతయ్య.

"లేదండీ. నేను ఆగుతాను."

"ఎక్కడ ఆగుతావు?"

"ఇక్కడే. ఎల్లుండి వెళ్తాను."

"ఎల్లుండి సీమంతం."

"అవునండీ."

"అయిపోతుంది."

"అవనివ్వండి. గాజులు మీ పిన్నిగారు వేస్తారు. ఆవిడకూ రెండు చేతులున్నాయి."

"అమ్మ ఏమంటుంది?"

"నన్ను ఏమంటారో నాకు తెలుసు. మిమ్మల్నేమీ అనరు."

ఆ మాటకి ఆయనకు కొంచెం ఊరట కలిగింది. పైకి మాత్రం కనబడనివ్వలేదు. "చెయ్యి దించు ముందు," అన్నారు. తెల్లాయన అప్పటికే చూసేశాడు. పరుగున వచ్చి, నా టికెట్టు మార్చేసి, పెళ్ళికొడుకు పాస్‌పోర్టు మీద ఠపీమని ముద్ర కొట్టినంత పని చేశాడు. అంతా అయ్యాక అప్పుడు చెప్పాడు, ఎల్లుండి దాకా మస్కట్‌లో మంచి హోటల్లో ఉంచుతామని, భోజనం కూడా మాదేనని. ఆ మాట ముందే చెప్పి ఉంటే పైకప్పు చూసినవాళ్ళలో సగంమంది తలలు దించేవాళ్ళు. లేసు కట్టుకుంటున్నాయన నా వంక చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

పెళ్ళికొడుకు నా కాళ్ళమీద పడబోయాడు. వెనక్కి జరిగాను. "వద్దయ్యా, అంటుకుంటుంది. ఊరికి కట్టుకెళ్ళే చీర." అతనేమో కదలడు, నిలబడి, తెల్లాయన వదిలేసిన నా రుమాలుతో ముక్కు తుడుచుకుంటున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని అడిగాను.

"పిల్ల బాగుంటుందా?"

"మంచిగుంటదంట అక్కా."

"ఉంటుందంట ఏమిటి, నువ్వు చూడలేదా?"

"నాకు సెలవేది? మా తమ్ముడు చూసొచ్చిండు, నా తరపున."

"ఫొటో అయినా చూశావా?"

"ఫొటో తమ్ముని దగ్గరున్నది. పంపుతనన్నడు. పంపలే."

"ఒకసారే వెళ్ళాడా చూడ్డానికి?"

"లేదు, మల్ల మల్ల పోయిండు. ఒకపారి చూడనీకి. ఒకపారి చీర ఇయ్యనీకి. ఇంకొకపారి..." ఆగి ఆలోచించాడు. "ఇంకొకపారి ఎందుకో పోయిండు. మంచోడక్కా మా తమ్ముడు. నాకోసం మస్తు తిరిగిండు."

నేను ఏదో అనబోయాను. ఇంతలో పోలీసు పిలిచాడు. అతను తన టేప్ రికార్డరు చంకలో పెట్టుకుని, నా రుమాలు ఇచ్చేయడం కూడా మర్చిపోయి, అద్దాల తలుపు దాటి ఎండలోకి పరుగెత్తాడు. ఆ ఎండలో ఇంకా పచ్చగా కనిపించాడు. విమానం దగ్గరున్న మనిషి కూడా అతన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

మీ తాతయ్యకు డ్యూటీ ఉంది. నన్ను హోటల్లో దింపి, తలుపు గడియ ఎలా పెట్టుకోవాలో చూపించి, వాళ్ళమ్మకు టెలిగ్రాం కొట్టి, సోహార్ వెళ్ళిపోయారు. పుట్టాక నేను ఒక గదిలో ఒక్కదాన్నే ఉండటం అదే మొదలు. నాన్నా, ఆ గది గురించి నువ్వు అనుకుంటున్నది నిజమే. కుళాయి తిప్పితే మంచినీళ్ళు. వేడివి, చల్లవి, ఎన్ని కావాలంటే అన్ని. పొడుగాటి పింగాణీ తొట్టి, శవపేటికలా ఉంది కానీ సుఖంగా ఉంది. సబ్బు ముట్టుకుంటే చాలు నురగ. మధ్యాహ్నం పూట, వంట లేదు, వడ్డన లేదు, ఎవరూ పిలవడం లేదు. మెడదాకా నీళ్ళలో పడుకుని, ఊళ్ళో నేను లేకుండా పులిహోర కలపబోతున్న మా పిన్నత్తగారిని తలుచుకుని, ఆవిడకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

అక్కడ పడుకుని ఉండగా తట్టింది. ఆ పిల్ల ఇంతవరకూ చూసింది తమ్ముణ్ణి. చీర అందుకున్నది తమ్ముడి చేతిమీదుగా. ఆ మూడోసారి ఎందుకు వెళ్ళాడో అన్నకు తెలియదు కానీ, ఆ పిల్లకు తెలిసి ఉంటుంది. ఫొటో ఎందుకు పంపలేదో కూడా తెలిసి ఉంటుంది. ముహూర్తానికి పెద్దోడు రాకపోతే చిన్నోడు కట్టాలని పెద్దమనుషులు తీర్మానించిన రోజు నుంచీ ఆ పిల్ల ఏ దేవుడికి ఏం మొక్కుకుని ఉంటుంది? ఆ దేవుడు పాపం తన వంతు శుభ్రంగా చేశాడు. కంపెనీ చేత సెలవు ఆలస్యం చేయించాడు. పసుపు అయిపోయేలా చేశాడు. మిరపకారం కలిపించాడు. తెల్లాయన చేత పాస్‌పోర్టు పక్కన పడేయించాడు. ఇంక చెయ్యడానికి ఏమీ మిగలలేదు. మధ్యలో నేను వెళ్ళి రుమాలు తడిపాను.

లేచి కూర్చున్నాను. సగం నీళ్ళు నేలమీద పోయాయి.

సీమంతం అయిపోయాక ఊరు చేరాను. ఆడపడుచుకు పురుడు సుఖంగానే వచ్చింది. ఆ పిల్లాడు ఇప్పుడు ఎంత లావుగా ఉన్నాడో మీరు చూస్తూనే ఉన్నారు. మా అత్తగారు మాత్రం, ఇంటి కోడలు సీమంతం సీటు ఎవడో పచ్చ మనిషికి దానం చేసిందని చివరిదాకా చెప్పుకున్నారు. వచ్చినవాళ్ళెవరికీ అది అర్థమయ్యేది కాదు. ఆవిడ విడమరిచి చెప్పేవారు కాదు.

తిరిగి ఒమన్ వెళ్ళాక సోహార్‌లో కనిపించిన ప్రతి తెలుగు మనిషినీ అడిగాను. పేరు అడగలేదు కదా అతన్ని, పసుపు గుర్తు చెప్పేదాన్ని. మీ తాతయ్య ఆఫీసు పనిమీద మస్కట్ వెళ్తే, అజైబా దాకా వెళ్ళి కనుక్కురమ్మన్నాను. ఆయన ఇష్టం లేకపోయినా వెళ్ళారు. ఆ గదివాళ్ళంతా ఏదో కొత్త సైటుకు మారిపోయారట. వంటాయన ఒక్కడే ఉన్నాడట. అతనికి తెలిసిందల్లా తన మసాలా పొడి వృథా అయిందని.

చివరికి ఒక మేస్త్రీ దొరికాడు. అదే వైపు మనిషి, సోహార్ అవతల షినాస్‌లో పనికి పోతూ మా క్వార్టరు దగ్గర నీళ్ళకు ఆగాడు.

"ఆ పెండ్లా? అయ్యింది గదమ్మా. మస్తుగ అయిందంట. మటన్ మంచిగుండెనంట."

"తాళి ఎవరు కట్టారు?"

"పెండ్లికొడుకు కట్టిండు."

"పెద్దవాడా, చిన్నవాడా?"

"గదంత నాకెట్ల తెలుస్తదమ్మా? నేనిక్కడనే ఉంటి."

నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మీ తాతయ్య అప్పుడు అరుగుమీద కూర్చుని పేపరు చూస్తున్నారు. "విమానం వేళకే వెళ్ళింది, రైలు వేళకే వచ్చి ఉంటుంది. అతను చేరే ఉంటాడు, నువ్వు దిగులు పెట్టుకోకు," అన్నారు.

"చేరాడనే నా దిగులు," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. విడమరిచి చెప్పాను. పేపరు పేజీ తిప్పి, "ఇదంతా చెయ్యెత్తకముందు ఆలోచించాల్సింది," అన్నారు.

నిజమే. అయినా ఇప్పుడు మళ్ళీ అక్కడ నిలబెడితే ఏం చేస్తానో నాకు తెలియదు. అతని ముఖం నా ఎదురుగా ఉంది, ఆ పిల్ల ముఖం లేదు. చేరాడా లేదా అని మీ తాతయ్యలా నేను లెక్కలు వేయను. నాకు ఇన్నేళ్ళుగా ఎవరూ చెప్పనిది ఒక్కటే. ముహూర్తానికి తెర దించినప్పుడు, ఎదురుగా పీటల మీద ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్న ఆ పచ్చటి మనిషిని చూసి, ఆ పిల్ల తనలో తాను ఏమనుకుంది? వచ్చాడు అనుకుందా, వచ్చేశాడే అనుకుందా?